ఇంటి పైకప్పు కడిగేటప్పుడు మొక్కలు మాడిపోకుండా చూసుకోవడం ఎలా: తరచుగా అడిగే ప్రశ్నలు

పైకప్పు మీద పోసిన ప్రతి చుక్కా ఎక్కడో ఒకచోట కిందికి దిగాల్సిందే. ఏ మందు వాడాలి, ఎంత కలపాలి అని అడిగేవాళ్ళు చాలామంది ఉంటారు గానీ, ఆ మందు కలిసిన నీళ్ళు చివరికి ఏ మొక్క మొదట్లోకి వెళ్తాయో ముందుగా చూసుకునేవాళ్ళు తక్కువ. అందుకే కింద ఏ ప్రశ్నకి జవాబు రాసినా నీళ్ళ దారి సంగతి మళ్ళీ మళ్ళీ వస్తుంది, అది కావాలనే.

పైకప్పు మీద ఆ నల్లటి చారలు ఏమిటి? కడగకపోతే ఏమైనా నష్టమా?

చాలావరకు అది మట్టి కాదు, బతికున్న పాచి. తారు షింగిల్స్ (ఏటవాలు కప్పుల మీద వరుసగా పరిచే తారు పలకలు) కప్పుల మీద కనిపించే నల్లటి చారలకి ఎక్కువగా గ్లియోకాప్సా మాగ్మా అనే సయనోబాక్టీరియా, అంటే పాచిలా పెరిగే సూక్ష్మజీవి, కారణం. అది ఎండ నుంచి తనని తాను కాపాడుకోవడానికి చుట్టూ ముదురు రంగు పొర కట్టుకుంటుంది, మనకి నల్లగా కనిపించేది ఆ పొరే. సిమెంటు స్లాబుల మీద, పెంకుల మీద అయితే ఆకుపచ్చ పాచి, నాచు, బూజు, లైకెన్లు కలిసి ఉంటాయి.

పాచి వల్ల కప్పు వెంటనే పాడైపోదు, చూడ్డానికి బాగోదు, తడిస్తే జారుతుంది, అంతే. మెత్తటి పరుపులా దట్టంగా పెరిగే నాచు సంగతి వేరు. అది తేమని పట్టి ఉంచుతుంది, పెంకుల సందుల్లో పెరిగి వాటిని కొద్దికొద్దిగా పైకి లేపుతుంది, నీళ్ళు కిందికి జారకుండా అడ్డుపడుతుంది. కాబట్టి నల్లటి చారలు మాత్రమే ఉంటే తొందరేం లేదు, మొక్కలకి అనువైన రోజు చూసుకుని చేయొచ్చు. నాచు దట్టంగా ఉంటే మాత్రం వానలు మొదలయ్యేలోపు తీసేయడం మంచిది.

మందు లేకుండా పని జరగదా?

చాలా ఇళ్ళలో జరుగుతుంది. చదునైన స్లాబ్ అయితే ముందు పొడిగా ఉన్నప్పుడు గట్టి చీపురుతో ఊడ్చి, ఎండుటాకులు, మట్టి, ఎండిన పాచి పెచ్చులు ఎత్తేయండి. తర్వాత నీళ్ళు చల్లి అరగంట నాననిచ్చి గట్టి ప్లాస్టిక్ బ్రష్‌తో రుద్దితే సగానికి పైగా పోతుంది. మిగిలిన మరకల కోసమే మందు, అది కూడా ఆ మరకలున్న చోటే. కప్పు మొత్తం మందుతో తడపాలన్న నియమం ఎక్కడా లేదు.

నాచుని అయితే చేత్తోనో, ప్లాస్టిక్ గరిటెలాంటి దానితోనో పైనుంచి కిందికి గీకండి. కిందినుంచి పైకి గీకితే పెంకులు లేస్తాయి. గీకిన నాచుని కిందికి తోసేయకుండా సంచిలోకి ఎత్తండి, లేకపోతే చూరు గొట్టంలో అడ్డుపడి నీళ్ళన్నీ అక్కడే పొంగి కింద ఉన్న మొక్కల మీద పడతాయి.

ప్రెషర్ వాషర్ పెడితే మందే అక్కర్లేదు కదా?

నేనైతే వద్దంటాను. షింగిల్స్ మీద ఉండే రాతి రేణువుల పొరని అది లాగేస్తుంది, పెంకుల కిందికి నీళ్ళు తోస్తుంది, స్లాబ్ మీద వేసిన వాటర్‌ప్రూఫ్ పూతని పెచ్చులు పెచ్చులుగా లేపేస్తుంది. పాత సిమెంటు ఉపరితలం గరుకుగా మారితే పాచి మరింత సులువుగా పట్టుకుంటుంది కూడా. అమెరికాలోని తారు షింగిల్స్ తయారీదారుల సంఘం కూడా తమ కప్పుల మీద ప్రెషర్ వాషర్ వాడొద్దనే చెబుతుంది. పైగా ఏటవాలు కప్పు మీద నిలబడి ఆ గన్ పట్టుకుంటే వెనక్కి తన్నే బలానికి కాలు జారడం చాలా తేలిక.

మందు వాడక తప్పదంటే ఏది వాడాలి?

ఎక్కువమంది వాడేది సోడియం హైపోక్లోరైట్, అంటే ద్రవరూపంలో దొరికే బ్లీచ్. పాచి మీద బాగా పనిచేస్తుంది, త్వరగా పనిచేస్తుంది, మొక్కల్ని అంతే త్వరగా దెబ్బతీస్తుంది.

సోడియం పెర్‌కార్బొనేట్‌ని ఆక్సిజన్ బ్లీచ్ అంటారు. నీళ్ళలో కలిపితే హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా, వాషింగ్ సోడాగా విడిపోతుంది. క్లోరిన్ ఉండదు కాబట్టి మొక్కలకి కొంత మేలు, కానీ క్షారగుణం ఎక్కువే, సోడియం కూడా ఉంటుంది, అందువల్ల దీన్ని వాడినా మొక్కల్ని తడపాల్సిందే. పని నెమ్మదిగా జరుగుతుంది, బ్రష్‌తో రుద్దాల్సి వస్తుంది. తోట దగ్గరగా ఉంటే నా ఓటు దీనికే. ఒక్క జాగ్రత్త, కలిపిన ద్రావణం నుంచి ఆక్సిజన్ వస్తూనే ఉంటుంది కాబట్టి దాన్ని బిగుతుగా మూతపెట్టిన సీసాలో నిలవ ఉంచకూడదు, సీసా పగలొచ్చు.

బెంజాల్కోనియం క్లోరైడ్ లాంటి మందులు చల్లి వదిలేస్తే వానలకి నెమ్మదిగా పనిచేస్తాయి. ఇవి చేపలకి విషం, దగ్గర్లో చెరువో కొలనో ఉంటే వీటి జోలికి పోవద్దు.

వెనిగర్, యాసిడ్ రెండూ సిమెంటులోని సున్నాన్ని తినేస్తాయి. రేకుల మీది జింకు పూత కూడా యాసిడ్‌కి నిలవదు. మైలతుత్తం పాచిని చంపుతుంది నిజమే, కానీ అందులోని రాగి మట్టిలో పేరుకుపోతుంది, ఎన్నేళ్ళయినా అక్కడే ఉంటుంది. సహజమైన మందు అని ఎవరైనా చెప్పినంత మాత్రాన మొక్కకి మంచిదని అనుకోవద్దు.

బ్లీచ్ ఎంత కలపాలి?

ముందు సీసా మీద ఎంత శాతమో చూడండి. ఇళ్ళలో వాడే బ్లీచ్ సాధారణంగా 3 నుంచి 6 శాతం ఉంటుంది, ఈతకొలనులకీ పరిశ్రమలకీ అమ్మేది 10 నుంచి 12.5 శాతం వరకు ఉంటుంది. ఇదివరకు చెప్పిన షింగిల్స్ సంఘం చెప్పే పాళ్ళు ఇంట్లో వాడే బ్లీచ్ ఒక పాలు, నీళ్ళు ఒక పాలు. అంటే చివరికి వచ్చేది ఒకటిన్నర నుంచి 3 శాతం. 12 శాతం సరుకైతే ఒక లీటరుకి మూడు లీటర్ల నీళ్ళు కలిపితే సుమారు 3 శాతం అవుతుంది.

అది పైహద్దు అనుకోండి. ముందు ఒక మూల 1 శాతంతో ప్రయత్నించి, పదిహేను నిమిషాలు ఆగి చూడండి. రంగు మారితే అదే చాలు. ఇంకోమాట, బ్లీచ్ నిలవ ఉన్నకొద్దీ, ముఖ్యంగా వేడికీ వెలుతురికీ, బలం తగ్గిపోతుంది. పాతదైతే పనిచేయడం లేదని మోతాదు పెంచేస్తుంటారు, దానివల్ల మొక్కలకి చేరే ఉప్పు పెరుగుతుంది తప్ప లాభం ఉండదు. కావలసినంతే కొత్తగా కొనుక్కోండి.

బ్లీచింగ్ పౌడర్ వాడేవాళ్ళు పొడిని నీళ్ళలో వేయాలి, పొడి మీద నీళ్ళు పోయకూడదు. కలిపాక తేరనిచ్చి పైన ఉన్న తేట నీళ్ళు మాత్రమే వాడండి. కరగని పలుకులు కప్పు మీద ఉండిపోతే తర్వాతి వానకి కరిగి, మీరు మొక్కల సంగతి మర్చిపోయిన రోజున కిందికి దిగుతాయి.

ఇంతకీ ఆ నీళ్ళు పడితే మొక్కకి ఏమవుతుంది?

రెండు రకాల దెబ్బలు తగులుతాయి, వీటిని విడివిడిగా అర్థం చేసుకుంటే మిగతా జాగ్రత్తలన్నీ తేలిగ్గా అర్థమవుతాయి.

మొదటిది ఆకు మీద. తుంపర పడిన చోట కణాలు, పత్రహరితం దెబ్బతింటాయి. ఒకటి రెండు రోజుల్లో ఆ చుక్క పడిన చోటే తెల్లటి లేదా లేత గోధుమరంగు మచ్చ వస్తుంది, మచ్చ అంచు స్పష్టంగా గీత గీసినట్టు ఉంటుంది, దాని పక్కనే ఉన్న ఆకు భాగం మామూలుగానే ఉంటుంది. లేత చివుళ్ళు ముందు పోతాయి. చూస్తే భయం వేస్తుంది గానీ మొక్క సాధారణంగా కోలుకుంటుంది, కొత్త ఆకులు వేస్తుంది.

రెండోది వేరు దగ్గర, అసలు భయపడాల్సింది దీనికే. క్లోరిన్ ఎండకి, మట్టిలోని సేంద్రియ పదార్థానికి త్వరగానే విరిగిపోతుంది, కానీ విరిగాక మిగిలేది ఉప్పు. మామూలుగా క్లోరిన్‌నీ కాస్టిక్ సోడానీ కలిపి బ్లీచ్ తయారుచేస్తారు కాబట్టి అందులో మొదటినుంచీ ఉప్పు ఉంటుంది, హైపోక్లోరైట్ విరిగాక ఇంకా వస్తుంది. లెక్క వేస్తే 3 శాతం ద్రావణం 10 లీటర్లకి చివరికి మిగిలే ఉప్పు దాదాపు అర కిలో. అర కిలో ఉప్పు తీసుకెళ్ళి ఒక మొక్క పాదులో ఎవరూ పోయరు, కానీ చూరు గొట్టం ఒకే చోట దిగుతుంటే జరిగేది సరిగ్గా అదే. మట్టిలో ఉప్పు పెరిగితే పక్కనే నీళ్ళున్నా వేరు పీల్చుకోలేదు. ఆకుల కొసలు, అంచులు ఎండుతూ లోపలికి వస్తాయి, అదీ వెంటనే కాదు, వారం పది రోజులకి బయటపడుతుంది.

పని మొదలుపెట్టే ముందు మొక్కల కోసం ఏం చేయాలి?

బాగా నీళ్ళు పెట్టాలి. ఇది అన్నిటికన్నా పెద్ద జాగ్రత్త, దీనికి పైసా ఖర్చు లేదు, అయినా ఎక్కువమంది వదిలేసేది ఇదే.

ఎండిన మట్టి మీద పడిన మొదటి నీళ్ళని మట్టి ఒక్కసారిగా లోపలికి లాగేసుకుంటుంది. ఆ మొదటి నీళ్ళు మందు నీళ్ళయితే అవి నేరుగా వేళ్ళకి చేరతాయి. ముందే నీళ్ళు పట్టి ఉన్న మట్టిలో ఇక చోటుండదు, మందు నీళ్ళు పైపైన పలచబడి పక్కకి జారిపోతాయి. కాబట్టి చూరు కింద, గొట్టాలు దిగే చోట, తుంపర ఎగిరే అవకాశం ఉన్నంతమేరా మట్టి ఇక పీల్చలేనంతవరకు తడపండి. పైపైన చల్లితే చాలదు, వేలు గుచ్చి చూస్తే లోపల కూడా తడి తగలాలి. ఆకుల్ని కూడా పైనా కిందా తడపండి, ఆకు మీద నీటిపొర ఉంటే తుంపర పడగానే పలచబడుతుంది.

పాదులు తవ్వి గట్లు కట్టి ఉంటే ఆ రోజుకి గట్టుకి ఒకవైపు గండి కొట్టండి. పాదు అన్నది నీళ్ళు నిలవడానికే, మందు నీళ్ళు వచ్చినా అది నిలిపే ఉంచుతుంది.

ప్లాస్టిక్ షీటు కప్పేస్తే సరిపోదా?

ఆకుల మీద తుంపర పడకుండా ఆపుతుంది, మట్టిలోకి వెళ్ళేదాన్ని ఆపదు. పైగా ఎండలో ప్లాస్టిక్ కింద వేడి పెరిగి, మందు తగలకుండానే మొక్క ఉడికిపోతుంది. ఇలా పోయిన మొక్కలు తక్కువేం కాదు. నల్ల ప్లాస్టిక్ అయితే మరీ ప్రమాదం.

పాత దుప్పటి, పలచటి గుడ్డ, తడిపిన గోనెపట్టా వాడొచ్చు. గుడ్డ కప్పేముందు మొక్కని తడపండి, పని అవగానే గుడ్డ తీసేయండి, తీసేటప్పుడు దాని మీద చేరిన మందు నీళ్ళు మొక్క మీదికి ఒలకకుండా మడిచి తీయండి. ఆ తర్వాత మళ్ళీ కడగండి. ప్లాస్టిక్ తప్పనిసరి అయితే కర్రలు పాతి ఆకులకి తగలకుండా పందిరిలా కట్టి, పక్కలు తెరిచి ఉంచండి.

పైన మిద్దెతోట ఉంది. కుండీల సంగతి?

కుండీలు జరపగలిగితే జరపండి, వేరే మాట లేదు. నేలలో పడిన ఉప్పుని నీళ్ళు పోసి లోతుకి దింపేయొచ్చు, కుండీలో ఉన్న కాస్త మట్టిలో పడిన ఉప్పు ఎక్కడికీ పోలేక వేళ్ళ చుట్టే ఉంటుంది. ఇంకో విషయం, కుండీ అడుగున ఉండే కన్నం స్లాబ్‌కి ఆనుకుని ఉంటుంది, స్లాబ్ మీద పారే మందు నీళ్ళని కుండీలోని మట్టి అక్కడినుంచి పైకి పీల్చుకుంటుంది. పైన ఎంత జాగ్రత్తగా కప్పినా కిందినుంచి జరిగే ఈ పని కనిపించదు.

అన్నీ ఒకేసారి జరపలేకపోతే స్లాబ్‌ని రెండు భాగాలుగా చేసుకుని, ఎత్తుగా ఉన్న వైపుకి కుండీలు చేర్చి పల్లం వైపు ముందు కడగండి. పల్లం వైపు పూర్తిగా కడిగి ఆరాక అటు మార్చండి, కానీ రెండో భాగం కడిగేటప్పుడు నీళ్ళు వాటి కిందినుంచే పోతాయి కాబట్టి కుండీల్ని ఇటుకల మీదో స్టాండ్ల మీదో ఎత్తి పెట్టాలి. మిద్దెతోట ఉన్నచోట క్లోరిన్ బ్లీచ్ అసలు వాడకపోవడమే నా సలహా. బ్రష్, నీళ్ళు, మొండి మరకలకి పెర్‌కార్బొనేట్, అంతవరకే.

పని జరుగుతున్నప్పుడు వరుస ఎలా ఉండాలి?

ఇద్దరుండాలి. ఒకరు పైన, ఒకరు కింద నీళ్ళ పైపు పట్టుకుని. పైన ఉన్నవాళ్ళు మందు చల్లుతున్నంతసేపూ, కడుగుతున్నంతసేపూ కింద ఉన్నవాళ్ళు మొక్కల మీదా మట్టి మీదా నీళ్ళు పారిస్తూనే ఉండాలి.

ముందుగా చూరు గొట్టాల్లో, తూముల్లో చెత్త తీయండి. మందుని తక్కువ ఒత్తిడి ఉన్న చేతిపంపు స్ప్రేయర్‌తో, పెద్ద చుక్కలు పడేలా చల్లండి, పొగలా సన్నగా వస్తే గాలికి పక్కింటి మొక్కల మీదికి కూడా పోతుంది. ఉపరితలం తడవాలి గానీ కారకూడదు. అంచుకి కొంచెం ఇవతలే ఆపేయండి, అంచు వరకు అదే జారుతుంది. 15 నుంచి 20 నిమిషాలు ఉంచి, మధ్యలో ఎండిపోతుంటే కాస్త నీళ్ళు చిలకరించి, తర్వాత మామూలు పైపుతో కడగండి. ఒకేసారి కప్పు మొత్తం కాకుండా కొంచెం కొంచెంగా చేస్తే కింద ఉన్నవాళ్ళకి నీళ్ళతో అందుకునే వీలుంటుంది.

మొక్కకి ఎక్కువ మందు చేరేది చల్లేటప్పుడు కాదు, కడిగేటప్పుడు. పైన పని అయిపోయింది కదా అని కింద పైపు కట్టేయకండి. కప్పు నుంచి నీళ్ళు కారడం ఆగాక కూడా ఇంకో పదిహేను, ఇరవై నిమిషాలు మొక్కలకి నీళ్ళు పారించండి. కొందరు కప్పుని కడగకుండా వానకి వదిలేస్తారు, అప్పుడు ఆ మందంతా మొదటి వానకి, నీళ్ళ పైపుతో ఎవరూ కాపలా లేని సమయంలో దిగుతుంది.

చూరు గొట్టాల నీళ్ళు ఎక్కడికి పంపాలి?

పనికి ముందురోజు పైన ఒక బకెట్ మామూలు నీళ్ళు పోసి ఏ గొట్టం ఎక్కడ దిగుతుందో నడిచి చూడండి. ఇంకుడు గుంతలోకో, బావి పక్కకో, వాన నీటి ట్యాంకులోకో వెళ్తుంటే ఆ దారి ముందే మూసేయాలి.

ఏటవాలు కప్పు అయితే గొట్టం చివర డ్రమ్ము పెట్టి పట్టొచ్చు, లేదా పొడుగు పైపు తగిలించి మొక్కలకి దూరంగా తీసుకెళ్ళొచ్చు. చదునైన స్లాబ్ ఉన్నవాళ్ళకి ఇంకో వీలుంది. తూముని గుడ్డతో మూసి, మందు నీళ్ళని పైనే ఆపి, చీపురుతో ఒకచోటికి తోసి బకెట్లలోకి ఎత్తుకోవచ్చు.

ఎత్తిన నీళ్ళు వీధిలోని వాన నీటి కాలువలో పోయకండి. చాలా ఊళ్ళలో అది శుద్ధి కాకుండా నేరుగా చెరువుకో వాగుకో వెళ్తుంది. మంచినీటి జీవుల కోసం అమెరికా పర్యావరణ సంస్థ పెట్టిన హద్దు, కాసేపు మాత్రమే తగిలినా సరే, లీటరుకి 19 మైక్రోగ్రాముల క్లోరిన్. 3 శాతం ద్రావణం ఒక్క లీటరులో ఉండేది సుమారు 30 గ్రాములు. దాన్ని ఆ హద్దుకి పలచబరచాలంటే పదిహేను లక్షల లీటర్లకి పైగా నీళ్ళు కావాలి. శుద్ధి కేంద్రానికి వెళ్ళే మురుగు కాలువ ఉంటే, స్థానిక నిబంధనలు ఒప్పుకుంటే, అందులోకి ఎక్కువ నీళ్ళతో కలిపి వదలండి. సెప్టిక్ ట్యాంకులోకి ఎక్కువ మోతాదులో పోస్తే అందులో పనిచేసే బాక్టీరియా చస్తుంది.

క్లోరిన్‌ని విరిచే మందులు ఉంటాయంటారు, అవి చల్లితే మొక్కలు సేఫేనా?

సగం మాత్రమే. సోడియం థయోసల్ఫేట్, విటమిన్ సి రెండూ క్లోరిన్‌ని నిజంగానే విరిచేస్తాయి. చేపల తొట్టెలకి వాడే యాంటీ క్లోరిన్‌లో ఎక్కువగా ఉండేది థయోసల్ఫేటే. దీన్నీ హైపో అంటారు, హైపోక్లోరైట్‌నీ హైపో అంటారు, కొనేటప్పుడు పూర్తి పేరు చదివి తీసుకోండి.

కానీ ఇవి ఉప్పుని తీసేయవు. పైగా లెక్క చూడండి. ఒక గ్రాము క్లోరిన్‌కి సుమారు రెండున్నర గ్రాముల విటమిన్ సి కావాలి, అంటే 3 శాతం ద్రావణం ఒక లీటరు విరగడానికి 75 గ్రాములు. కప్పు మొత్తానికి ఈ లెక్కన ఎవరూ చల్లలేరు. మొక్కల మీద చివర్లో మిగిలిన కొద్దిపాటి క్లోరిన్‌కి, డ్రమ్ములో పట్టిన నీళ్ళకి వాడితే ఉపయోగమే. నీళ్ళ పైపుకి బదులుగా మాత్రం ఇది పనికిరాదు.

ఏ రోజు, ఏ వేళ చేస్తే మంచిది?

మబ్బుగా, గాలి లేకుండా, ఆ తర్వాత ఒక రోజంతా వాన పడదనుకున్న రోజు. మబ్బు దొరక్కపోతే పొద్దున్నే, కప్పు వేడెక్కకముందే. కాలిపోతున్న కప్పు మీద మందు పని మొదలుపెట్టేలోపే ఆరిపోతుంది, మళ్ళీ చల్లాలనిపిస్తుంది, మోతాదు రెట్టింపు అవుతుంది. మొక్కలు పూత మీద ఉంటే, తేనెటీగలు తిరుగుతుంటే ఆ పూత అయ్యేదాకా ఆగండి.

పైన పనిచేసేవాళ్ళ సంగతేమిటి?

తడిసిన పాచి మీద కాలు నిలవదు. ఏటవాలు కప్పు అయితే నిచ్చెన మీదినుంచో నేల మీదినుంచో పొడుగు స్ప్రేయర్‌తో చేయగలిగినంత చేయండి, కప్పు ఎక్కక తప్పకపోతే నడుముకే కాదు, ఒళ్ళంతా పట్టుకునే హార్నెస్ వేసుకుని గట్టి ఆధారానికి కట్టుకోవాలి. అది లేకపోతే ఎక్కొద్దు. మొక్క పోతే ఇంకోటి నాటుకుంటాం.

నిచ్చెన ఎత్తు ప్రతి నాలుగు అడుగులకి అడుగు భాగం గోడ నుంచి ఒక అడుగు దూరం ఉండాలి, పై చివర కప్పు అంచు దాటి మూడు అడుగులు పైకి రావాలి. కరెంటు తీగలకి కనీసం పది అడుగుల దూరం ఉంచండి, అల్యూమినియం నిచ్చెన, తడి చేతులు, తీగలు ఈ మూడూ ఒక్కచోట చేరకూడదు. పిట్టగోడ లేని స్లాబ్ మీద వెనక్కి నడుస్తూ కడగకండి, చీపురు పని చేసేవాళ్ళు తెలియకుండానే వెనక్కి వెళ్తుంటారు.

కళ్ళకి పక్కలు మూసుకునే అద్దాలు, చేతులకి రబ్బరు తొడుగులు, నిండు చేతుల చొక్కా, జారని బూట్లు. గుడ్డ మాస్క్ క్లోరిన్ వాసనని ఆపదు. కంట్లో పడితే ధారగా నీళ్ళతో 15, 20 నిమిషాలు కడిగి, మంట తగ్గినా సరే డాక్టర్‌కి చూపించండి.

బ్లీచ్‌లో ఇంకేమైనా కలిపితే ఇంకా బాగా పనిచేస్తుందా?

కలపకండి. యాసిడ్, వెనిగర్, టాయిలెట్ క్లీనర్ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. అమ్మోనియా ఉన్న క్లీనర్లు కలిస్తే క్లోరమైన్లు వస్తాయి. రెండూ ఊపిరితిత్తుల్ని దెబ్బతీసేవే. ముందు ఒకటి చల్లి, పోలేదని కడక్కుండానే దాని మీద ఇంకోటి చల్లడం కూడా కలపడమే.

రేకులు, సోలార్ ప్యానెళ్ళు ఉంటే?

ఆస్‌బెస్టాస్ సిమెంటు రేకుల మీదికి ఎక్కొద్దు, విరిగి కిందపడతారు. వాటిని పొడిగా రుద్దినా, ప్రెషర్‌తో కొట్టినా సన్నటి పీచు బయటికి వస్తుంది, అది ఊపిరితిత్తుల్లో చేరితే క్యాన్సర్‌కి దారితీస్తుంది, కింద తోట మట్టిలో కూడా కలుస్తుంది. ఈ పని తెలిసినవాళ్ళకే వదిలేయండి. జింకు, అల్యూమినియం రేకుల్ని బ్లీచ్ తినేస్తుంది, సబ్బు నీళ్ళు చాలు. సోలార్ ప్యానెళ్ళకి మెత్తటి బ్రష్, మామూలు నీళ్ళు, అదీ అద్దం చల్లగా ఉన్నప్పుడే.

జాగ్రత్త పడినా మొక్క మీద పడిపోయింది. ఇప్పుడేం చేయాలి?

వెంటనే నీళ్ళు. ఆకుల్ని పైనా కిందా కడగండి, తర్వాత మొదట్లో నెమ్మదిగా, చాలాసేపు పారించండి, ఉప్పు వేళ్ళ కిందికి దిగిపోయేలా. నీళ్ళు ఇంకే నేల అయితే మర్నాడు, ఆ మర్నాడు కూడా. బంకమట్టి అయి నీళ్ళు నిలిచిపోతుంటే మాత్రం మధ్యలో ఆరనివ్వండి, లేకపోతే వేరు కుళ్ళుతుంది. కుండీ అయితే అడుగు కన్నం నుంచి నీళ్ళు ధారగా పోయేలా నాలుగైదు సార్లు పోయండి, ఇంకా అనుమానంగా ఉంటే మట్టి మార్చేయండి.

ఎరువు వేయకండి. నీరసపడింది కదా బలం ఇద్దామనిపిస్తుంది, కానీ రసాయన ఎరువులు కూడా లవణాలే, ఉన్న ఉప్పుకి ఇంకాస్త చేర్చినట్టవుతుంది. మాడిన ఆకుల్ని వెంటనే కత్తిరించొద్దు, సగం పచ్చగా ఉన్న ఆకు ఇంకా మొక్కకి తిండి తయారుచేస్తూనే ఉంటుంది. రెండు మూడు వారాలాగి, కొమ్మని గోటితో గీరి చూడండి. లోపల పచ్చగా ఉంటే బతికే ఉంది.

పనివాళ్ళని పిలిస్తే ఏం అడగాలి?

ఏ మందు, ఎంత శాతం, మొక్కలకి నీళ్ళు పట్టడానికి కింద వేరే మనిషి ఉంటాడా, కప్పు కడిగాక ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయి. ఈ నాలుగూ అడగండి. మా మందు మొక్కలకి ఏమీ చేయదు సార్ అన్నవాళ్ళకన్నా, ముందు తోటంతా తడిపి పెట్టండమ్మా అని చెప్పేవాళ్ళని నమ్మండి. వాళ్ళు వచ్చేముందు మీరే తడిపి ఉంచితే ఇంకా మంచిది.

కడిగాక వాన నీళ్ళు ఎప్పటినుంచి పట్టుకోవచ్చు?

బ్లీచ్ వాడి బాగా కడిగి ఉంటే మొదటి రెండు మూడు మంచి వానల నీళ్ళు వదిలేసి, తర్వాత మొక్కలకి పట్టుకోవచ్చు. చల్లి వదిలేసే రకం మందులు వాడితే సీసా మీద రాసింది చదవండి, ఆ మందు వానవానకీ కొంచెం కొంచెం దిగడమే దాని పద్ధతి. తాగడానికి పట్టుకునే ఇళ్ళలో అలాంటివి అసలు వాడకూడదు.

మళ్ళీ పాచి పట్టకుండా ఏమైనా చేయొచ్చా?

కప్పు మీదికి వాలిన కొమ్మలు కొట్టేయండి, నీడా రాలే ఆకులూ రెండూ తగ్గుతాయి. నీళ్ళు నిలిచే గుంటలు పూడ్చండి, తూములు శుభ్రంగా ఉంచండి, నెలకోసారి పొడి చీపురుతో ఊడ్వండి. కప్పు పైకొసన జింకు లేదా రాగి పట్టీలు బిగించే పద్ధతి ఒకటుంది, వాన పడినప్పుడల్లా కొద్దికొద్దిగా లోహం కరిగి పాచిని ఆపుతుంది. పనిచేస్తుంది, కానీ ఆ లోహం కూడా కిందికే దిగుతుంది. ఆ గొట్టం నీళ్ళు కూరగాయల మడికో చేపల కొలనుకో వెళ్తుంటే బిగించకండి.